అణకువ మెట్లు, గర్వము మెట్లు: క్రైస్తవ బోధ చరిత్రపై ఒక పరిశీలన

దివ్య ఖుర్ఆన్‌లోని ఐదవ సూరా అల్ మాయిదా 82వ ఆయత్‌లో, తాము నసారాలమని చెప్పుకునేవారు విశ్వాసుల పట్ల స్నేహభావములో అందరికంటే దగ్గరివారని తెలుపబడినది. వారిలో మతగురువులు, రాహిబులు ఉండటము, వారిలో గర్వము లేకపోవటము అందుకు కారణాలుగా పేర్కొనబడినవి. ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు పలువురు ఈ ఆయత్‌ను అబిసీనియా రాజైన నజాషీ, ఆయన వద్ద నుండి వచ్చిన క్రైస్తవుల సందర్భముతో ముడిపెట్టి వివరించిన సంగతి పాఠకులకు విదితమే.

ఈ ఆయత్‌ను మనము తరచు చదువుతాము. కాని ఆ గర్వరాహిత్యము ఆ రాహిబులకు ఎక్కడి నుండి వచ్చినది? దానిని వారికి ఎవరు, ఏ పద్ధతిలో నేర్పారు? నేర్పినది ఎంతవరకు నిలిచినది? ఈ ప్రశ్నలు మనము సాధారణముగా వేసుకోము. మన సభలలో క్రైస్తవ మతాన్ని గురించి ప్రసంగించేవారిలో కొందరు వారి వినయము వట్టి బలహీనత అంటారు. మరికొందరు అది మతప్రచారానికి ఒక సాధనమని ఒక్కమాటతో తేల్చివేస్తారు. ఖుర్ఆన్ మెచ్చుకొన్న గుణాన్ని దాని చరిత్ర చూడకుండా తోసిపుచ్చటము న్యాయము కాదు. అదే ఖుర్ఆన్ తౌబా సూరా 31, 34 ఆయత్‌లలో మతగురువులను, రాహిబులను గురించి చేసిన కఠినమైన హెచ్చరికను మరచిపోవటము కూడా న్యాయము కాదు. ఈ రెండింటిని ముందుంచుకొని క్రైస్తవుల అణకువ బోధ ఎట్లు పుట్టినది, ఎక్కడ ఫలించినది, ఎక్కడ తడబడినది అనే విషయాన్ని ఈ వ్యాసములో పరిశీలిద్దాము.

ఒక మాట వెనుక ఉన్న చరిత్ర

అనువాదము చేసేవానికి ఈ విషయము ముందుగా ఒక మాట రూపములో ఎదురవుతుంది. అరబ్బీలోని 'తవాజు' అనే మాటకు తెలుగులో ఏమి వ్రాయాలి? వినయమని వ్రాస్తే అది పైకి కనిపించే నడవడిని ఎక్కువగా సూచిస్తుంది. తెలుగు బైబిలు అనువాదకులు 'దీనమనస్సు' అనే మాటను ఎన్నుకున్నారు. అయితే మన వాడుకలో దీనుడు అంటే దిక్కులేనివాడు, జాలిగొలిపే స్థితిలో ఉన్నవాడు. అట్టి స్థితిని ఒక సద్గుణముగా ఎట్లు చెప్పగలము?

ఈ ఇబ్బంది తెలుగువారికి మాత్రమే వచ్చినది కాదు. గ్రీకు భాషలో 'తపైనోస్' అనే మాటకు నీచస్థితిలో ఉన్నవాడు, అణగిపడినవాడు అనే అర్థాలు ఉండేవి. స్వతంత్రుడైన పౌరునికి అది పొగడ్త కానేకాదు. క్రీ.పూ. నాల్గవ శతాబ్దికి చెందిన అరిస్టాటిల్ తన నీతిశాస్త్ర గ్రంథములో ఉదాత్తమనస్కుడిని వర్ణించాడు. అతడు గొప్ప గౌరవానికి తగినవాడు. తాను తగినవాడనని తెలిసి ఆ గౌరవాన్ని కోరేవాడు. అర్హత లేకుండా కోరటము ఒక లోపమైతే, అర్హత ఉండి కూడా తన్ను తాను తక్కువ చేసుకొనటము మరొక లోపమని ఆ తత్త్వవేత్త అభిప్రాయము.

అటువంటి ప్రపంచములో క్రీ.శ. మొదటి శతాబ్దిలో పౌలు ఫిలిప్పీ పట్టణములోని క్రైస్తవులకు వ్రాసిన లేఖలో, ఆ పాత తిట్టుమాట నుండి పుట్టిన పదాన్నే సుగుణముగా నిలబెట్టాడు. ప్రతివాడు ఇతరులను తనకంటె యోగ్యులుగా ఎంచవలెనని, దాసుని స్వరూపాన్ని ధరించి సిలువ వరకు తన్ను తాను తగ్గించుకొన్న క్రీస్తే అందుకు ఆదర్శమని అతడు బోధించాడు.

ఇక్కడ మనకూ వారికీ గల భేదాన్ని దాచిపెట్టనవసరము లేదు. క్రైస్తవుల అణకువకు మూలము దేవుడే మానవరూపములో దిగివచ్చాడనే విశ్వాసము. ఇస్లాము ఆ విశ్వాసాన్ని అంగీకరించదు. మన దృష్టిలో హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) అల్లాహ్ దాసుడు, ప్రవక్త. ఔన్నత్యము, ఘనత అల్లాహ్‌కు మాత్రమే చెందినవి. 'అల్ ముతకబ్బిర్' అనేది ఆయన శుభనామాలలో ఒకటి. మానవుడు అణగి ఉండవలసినది తాను దాసుడు కాబట్టి. కనుక వారి అణకువ దేవుని అనుకరించటము నుండి పుట్టినది. మన అణకువ దేవునికి మాత్రమే చెందినదానిని ముట్టకుండా ఉండటము నుండి పుట్టినది. వేరులు వేరైనా ఫలము మాత్రము ఒకదానినొకటి పోలి ఉన్నది.

ఎడారిలో పాఠము, మఠములో చట్టము

నాల్గవ శతాబ్దములో ఈజిప్టు ఎడారులకు వెళ్ళి తపస్సు చేసిన రాహిబులు గర్వాన్ని ఒక వైద్యుడు రోగాన్ని పరిశీలించినట్లు పరిశీలించారు. వారిలో విద్వాంసుడైన ఎవాగ్రియస్ (మరణము క్రీ.శ. 399) మనిషిని చెరచే ఆలోచనలు ఎనిమిదని లెక్కించాడు. తిండిపోతుతనముతో మొదలైన ఆ పట్టికలో చివరి రెండు కీర్తికాంక్ష, గర్వము. ఈ రెండింటిని చివర ఉంచటములో అర్థమున్నది. మిగిలిన దుర్గుణాలు ఓడిపోయినవానిని పట్టుకుంటాయి. ఈ రెండూ గెలిచినవానిని పట్టుకుంటాయి. ఉపవాసము ఉన్నవానికి ఉపవాసమే, ప్రార్థన చేసినవానికి ప్రార్థనే ఉచ్చు అవుతుంది. ఆ బోధను పశ్చిమ దేశాలకు తీసుకొనివెళ్ళిన జాన్ కాసియన్, కీర్తికాంక్షను ఉల్లిగడ్డతో పోల్చిన పెద్దల మాటను నమోదు చేశాడు. ఒక పొర ఒలిస్తే దాని క్రింద మరొక పొర కనిపిస్తుందని దాని భావము.

ఉత్తర ఆఫ్రికాలో, నేటి అల్జీరియా భూభాగములో నివసించిన అగస్టీన్ (354-430) ఈ బోధను రాజ్యాలకు కూడా వర్తింపజేశాడు. 410లో రోము నగరము దోపిడికి గురియైన పిమ్మట అతడు వ్రాసిన 'దేవుని పట్టణము' అనే గ్రంథపు తొలి పుటలలోనే ఒక చర్చ ఉన్నది. గర్విష్ఠులను అణచటము దేవుని పని. దానిని తమ పని అని రోమనులు చాటుకోవటమే గర్వమని అతడు ఎత్తిచూపాడు. ఈ మాటను గుర్తుంచుకొనవలెనని పాఠకులను కోరుతున్నాను. దీని అవసరము ముందు ముందు వస్తుంది.

ఆరవ శతాబ్దములో ఇటలీలో బెనెడిక్ట్ తన మఠానికి ఒక నియమావళి వ్రాశాడు. దాని ఏడవ అధ్యాయములో అణకువకు పన్నెండు మెట్లు చెప్పబడినవి. మొదటి మెట్టు దైవభీతి. ఏడవ మెట్టు తాను అందరికంటె తక్కువవాడనని నాలుకతో అనటమే కాక హృదయములో నమ్మటము. చివరి మెట్టులో ఆ అణకువ నడకలో, చూపులో కూడా కనిపించవలెను. అంటే లోపలి నుండి బయటకు రావలెను గాని, బయట నుండి మొదలు కారాదు.

అయితే నా దృష్టిలో ఆ మెట్లకంటె ఆ నియమావళిలోని చిన్న చిన్న ఏర్పాట్లే ఎక్కువ విలువైనవి. మఠములో ఎవరి స్థానము ఎక్కడ అనేది వంశమును బట్టి గాక, చేరిన తేదీని బట్టి నిర్ణయింపబడేది. వంటపని వారము వారము వంతులవారీగా చేయవలెను. వంతు ముగిసినవాడు, మొదలుపెట్టేవాడు కలిసి అందరి పాదాలు కడుగవలెను. ముఖ్యమైన విషయాలలో మఠాధిపతి అందరినీ పిలిచి సంప్రదించవలెను, ఎందుకంటె మేలైన సలహాను దేవుడు తరచు చిన్నవాని నోట పలికిస్తాడు. చేతిపనిలో నేర్పరియైనవాడు తన వలన మఠానికి లాభము కలుగుతున్నదని విర్రవీగితే అతనిని ఆ పని నుండి తప్పించవలెను. ఆదాయము పోయినా సరే, మనిషి చెడరాదని ఆ నియమము ఉద్దేశము.

ఇక్కడ అణకువ ఒక ఉపన్యాసముగా మిగలలేదు. అది కూర్చునే చోటుకు, తోమే గిన్నెకు, వినవలసిన సలహాకు చట్టముగా మారినది. ఖుర్ఆన్ మెచ్చుకొన్న గుణము అటువంటి రాహిబులలో కనిపించి ఉంటే అందులో ఆశ్చర్యము లేదు.

బిరుదుల తగాదా

590లో రోము పోపుగా ఎన్నికైన గ్రెగరీ గొప్ప వంశములో పుట్టి, రోము నగరపాలకుడుగా పనిచేసి, పిమ్మట తన ఇంటినే మఠముగా మార్చి రాహిబుగా జీవించినవాడు. గర్వము దుర్గుణాలన్నింటికి రాణి అని, మిగిలిన ఏడు ముఖ్య దుర్గుణాలు దాని సేనానులని అతడు తన గ్రంథములో వర్ణించాడు.

అతని కాలములో కాన్‌స్టాంటినోపిల్ పాట్రియార్క్‌గా ఉన్న నాల్గవ జాన్ 'సార్వత్రిక పాట్రియార్క్' అనే బిరుదును ఉపయోగించుకున్నాడు. ఆ జాన్ విలాసపురుషుడు కాడు. కఠోరమైన ఉపవాసాల వలన ప్రజలు అతనిని 'ఉపవాసి' అనే పేరుతో పిలిచేవారు. అయినా ఆ బిరుదును చూసి గ్రెగరీ కలత చెందాడు. 595లో అతడు జాన్‌కు, మారిస్ చక్రవర్తికి, చక్రవర్తినికి లేఖలు వ్రాసి అభ్యంతరము తెలిపాడు. ఒకడు సార్వత్రికుడైతే మిగిలిన బిషప్పుల స్థానమేమి అని అతని వాదము. తర్వాత అలెగ్జాండ్రియా పాట్రియార్క్ తననే అటువంటి బిరుదుతో సంబోధించినప్పుడు గ్రెగరీ దానిని కూడా నిరాకరించాడు. సోదరుల గౌరవము తగ్గితే పెరిగే గౌరవము తనకు అక్కరలేదని అతని సమాధానపు సారాంశము. తన లేఖలలో అతడు వాడుకొన్న పేరు 'దేవుని దాసులకు దాసుడు'.

చరిత్రకారుడు ఇక్కడితో ఆగిపోతే కథ చక్కగా ఉంటుంది. కాని ఆగరాదు. 602లో ఫోకస్ అనే సేనాని తిరుగుబాటు చేసి, మారిస్ చక్రవర్తిని, అతని కుమారులను చంపించి సింహాసనమెక్కాడు. ఆ ఫోకస్‌కు గ్రెగరీ అభినందనలతో నిండిన లేఖ వ్రాశాడు. తనకు బిరుదు వద్దన్న నోరే హంతకునికి స్తుతి పలికినది. గ్రెగరీ 604లో మరణించాడు. 607లో అదే ఫోకస్ రోము పీఠాన్ని అన్ని చర్చిలకు శిరస్సుగా గుర్తించాడు. మరి మూడు సంవత్సరాలకు, 610లో, మక్కాలోని హిరా గుహలో మొదటి వహీ అవతరించినది. ఆ సంవత్సరమే హెరాక్లియస్ ఫోకస్‌ను కూలదోశాడు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) లేఖను అందుకొన్న హిర్‌ఖల్ చక్రవర్తి ఆ హెరాక్లియసే. అంటే దివ్య ఖుర్ఆన్ రాహిబుల గర్వరాహిత్యాన్ని గురించి, వారిలోని లోపాలను గురించి కూడా ప్రస్తావించే నాటికి ఆ రెండూ క్రైస్తవ ప్రపంచములో పక్కపక్కనే ఉన్నవి.

గర్వము మెట్లు తెలిసినవాడు

బెనెడిక్ట్ చెప్పిన పన్నెండు మెట్లకు పన్నెండవ శతాబ్దములో ఫ్రాన్సు దేశపు మఠాధిపతి బెర్నార్డ్ (1090-1153) ఒక వ్యాఖ్యానము వ్రాశాడు. విచిత్రమేమంటే ఆ పుస్తకములో అతడు అణకువ మెట్లను గాక, గర్వము మెట్లనే ఒక్కొక్కటిగా వివరించాడు. ఎక్కటము కంటె దిగటమే తనకు బాగా తెలుసునని చివర ఒప్పుకున్నాడు. అతని లెక్కలో మొదటి మెట్టు కుతూహలము, అంటే తన సంగతి విడిచి ఇతరుల సంగతులు చూడటము. తర్వాత గొప్పలు చెప్పుకొనటము, తాను ప్రత్యేకుడనని అనిపించుకొనటము మొదలైనవి వస్తాయి. తొమ్మిదవ మెట్టు మరీ సూక్ష్మమైనది. అది కపటమైన పాపాంగీకారము. తాను పరమపాపినని చెప్పుకొని, ఆ మాటతోనే మెప్పు పొందగోరేవాని స్థితి అది.

దీనిని చదివినప్పుడు నా విద్యార్థిదశ గుర్తుకు వచ్చినది. ఉర్దూ ఉత్తరాలలో సంతకానికి ముందు 'అహ్ఖర్', 'ఖాక్‌సార్', 'నాచీజ్' అని వ్రాయటము మనకు అలవాటు. మదర్సాలో చదివే రోజులలో నేను కూడా ఒక ఉత్తరము చివర 'అహ్ఖర్' అని వ్రాసి ఉస్తాద్‌గారికి చూపించాను. ఆయన చదివి, "బేటా, నీవు నీచాతినీచుడవని నీవే వ్రాసుకున్నావు. రేపు దారిలో ఎవరైనా నిన్ను అట్లే పిలిస్తే ఓర్చుకుంటావా?" అని అడిగారు. నేను తల వంచుకున్నాను. "ఓర్చుకోలేకపోతే తీసివేయి. పేరు ఒక్కటే వ్రాయి" అన్నారు. బెర్నార్డ్ తొమ్మిదవ మెట్టు నాకు ఆ రోజునే తెలిసినదని ఇప్పుడు అనిపిస్తుంది.

బెర్నార్డ్ జీవితములో కూడా మనము చూడక తప్పని రెండవ పుట ఉన్నది. హృదయములోని గర్వాన్ని అంత సూక్ష్మముగా చూడగలిగినవాడే 1146లో వెజెలే పట్టణములో నిలబడి రెండవ క్రూసేడు యుద్ధానికి జనాన్ని పురికొల్పాడు. ముస్లింలపై ఖడ్గమెత్తే టెంప్లర్ల సంఘాన్ని ప్రశంసిస్తూ పుస్తకము వ్రాశాడు. ఆ దండయాత్ర 1148లో దమిష్క్ ముట్టడి విఫలము కావటముతో భగ్నమైనది. తన మనస్సులో రేగే చిన్న ధూళిని చూడగలిగినవాడు తన పక్షము మొత్తము ఎక్కిన గుర్రాన్ని చూడలేకపోయాడు. గర్విష్ఠులను అణచటము తమ పని అనుకొన్న రోమనులను గురించి అగస్టీన్ చేసిన హెచ్చరిక ఇక్కడ పనికిరాలేదు. 'నేను' అనే గర్వానికి పన్నెండు మెట్లు లెక్కించినవాడు 'మేము' అనే గర్వానికి ఒక్క మెట్టు కూడా లెక్కించలేదు.

అయినా అతనికి న్యాయము చేయటానికి ఒక మాట చెప్పవలెను. ఒకనాటి తన శిష్యుడైన పోపు మూడవ యూజీనియస్‌కు వ్రాసిన గ్రంథములో, ఆ ఆడంబరములో నీవు పేతురుకు కాక కాన్‌స్టాంటైన్ చక్రవర్తికి వారసుడవుగా కనిపిస్తున్నావని అర్థము వచ్చేటట్లు మందలించాడు. అధికారములో ఉన్నవానిని మొగము మీద మందలించటము సామాన్యమైన విషయము కాదు.

దమ్యాత్ వద్ద

1219లో ఐదవ క్రూసేడు సైన్యము ఈజిప్టులోని దమ్యాత్ పట్టణాన్ని ముట్టడించి ఉండగా, ఇటలీ దేశపు అసీసీ నగరానికి చెందిన ఫ్రాన్సిస్ అనే రాహిబు ఒక సహచరునితో కలిసి, నిరాయుధుడుగా ముస్లిం సేనల వైపు నడిచి వెళ్ళాడు. అతడు తన అనుచరులకు పెట్టిన పేరు 'చిన్న సోదరులు'. వారి నాయకులను అధిపతులని గాక సేవకులని పిలువవలెనని అతని ఆదేశము. సుల్తాన్ సలాహుద్దీన్ సోదరుని కుమారుడైన సుల్తాన్ అల్ మలిక్ అల్ కామిల్ అతనిని ఆదరముతో విని, క్షేమముగా తిరిగి పంపించాడని అక్కా నగరపు బిషప్పు, ఆ కాలమువాడే అయిన జాక్ ద విత్రీ వ్రాశాడు. తర్వాతి రచయితలు కల్పించిన అద్భుతాలను మనము పట్టించుకోనక్కరలేదు. జరిగినంతవరకే చాలినంత గొప్పది.

ఫ్రాన్సిస్ సుల్తాన్‌ను తన మతములోకి ఆహ్వానించటానికే వెళ్ళాడు. ఆ ఉద్దేశము నెరవేరలేదు. కాని తిరిగి వచ్చిన తర్వాత 1221లో అతడు కూర్చిన నియమావళి పదహారవ అధ్యాయములో, ముస్లింల మధ్యకు వెళ్ళే సోదరులకు ఒక మార్గము చెప్పబడినది. వాదవివాదాలకు దిగక, దేవుని నిమిత్తము ప్రతి మానవునికి లోబడి ఉంటూ, తాము క్రైస్తవులమని మాత్రము ఒప్పుకొనవలెను. ఇంకొకవైపు, క్రూసేడుకు పోపు ప్రతినిధిగా వచ్చిన పెలాజియస్, యెరూషలేమును తిరిగి ఇస్తానన్న సుల్తాన్ సంధి ప్రతిపాదనను నిరాకరించాడు. 1221లో వారి సైన్యము నైలు వరదనీటిలో చిక్కుకొని లొంగిపోయినది. దమ్యాత్‌ను కూడా వదులుకొనవలసి వచ్చినది.

తర్వాతి చరిత్ర మరింత ఆలోచింపజేస్తుంది. 1302లో పోపు ఎనిమిదవ బోనిఫేస్ ఒక శాసనము వెలువరించాడు. మోక్షము కావలెనంటే ప్రతి మానవుడు రోము పోపుకు లోబడి ఉండటము తప్పనిసరి అని దాని ముగింపు. పోపుల శాసనాలకు మొదట ఉండే బిరుదు మాత్రము ఆనాటికి స్థిరపడిపోయినది: దేవుని దాసులకు దాసుడు. ప్రతి మానవునికి లోబడి ఉండుమన్న ఫ్రాన్సిస్ మాటకు, ప్రతి మానవుడు తనకు లోబడవలెనన్న బోనిఫేస్ మాటకు మధ్య ఉన్నది కేవలము ఎనభై ఒక్క సంవత్సరాలు. ఫ్రాన్సిస్ అనుచరులలో కొందరు కూడా ఆ శతాబ్దములోనే మతవిచారణ న్యాయాధికారులుగా నియమితులైనారు. బిరుదు మిగిలినది, బిరుదులోని ప్రాణము మాత్రము ఎక్కడ ఉండవలెనో అక్కడ లేదు.

ఈ చరిత్ర మనకు చెప్పేది

ఈ చరిత్రను చదివి, చూశారా వారి వినయము ఇంతే అని తృప్తిపడటము మనకు సులభము. బెర్నార్డ్ చెప్పిన మొదటి మెట్టు సరిగ్గా అదే. ఇతరుల సంగతి చూస్తూ తన సంగతి మరచిపోవటము.

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహ్) బెర్నార్డ్ కంటె ఒక తరము ముందువారు, 1111లో మరణించారు. ఆయన 'ఇహ్యా ఉలూముద్దీన్' గ్రంథములో గర్వము, ఆత్మప్రశంసలను ఖండిస్తూ ఒక ప్రత్యేక భాగము వ్రాసి, గర్వానికి కారణమయ్యే ఏడు విషయాలను పేర్కొన్నారు. అవి విద్య, ఆరాధన, వంశము, అందము, బలము, ధనము, అనుచరగణము. రాజులను ముంచే ధనబలాలు చివర వచ్చినవి. పండితులను, భక్తులను ముంచే విద్య, ఆరాధన మొదట నిలిచినవి. ఎవాగ్రియస్ గర్వాన్ని చివర పెట్టినా, గజాలీ విద్యను మొదట పెట్టినా వారు చెప్పినది ఒకటే: మతము తెలిసినవానికే ఈ రోగము త్వరగా అంటుతుంది.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మంచి బట్టలు, మంచి చెప్పులు కోరుకొనటము గర్వము కాదని స్పష్టము చేసి, గర్వాన్ని రెండు గుర్తులతో నిర్వచించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. సత్యము ఎదురైనప్పుడు దానిని త్రోసివేయటము మొదటిది. ప్రజలను చిన్నచూపు చూడటము రెండవది. ఈ రెండు గుర్తులలో ఏదీ బట్టలలో గాని, బిరుదులలో గాని, వంచిన తలలో గాని కనిపించేది కాదు. ఎదుటివాడు సరియైన మాట చెప్పినప్పుడు మనము ఏమి చేశాము, మనకంటె తక్కువ అనుకొన్నవానిని ఎట్లు చూశాము అనేవాటిలోనే అవి బయటపడతాయి. ఆ ఎదుటివాడు మన పక్షమువాడే కానవసరము లేదు.

ఈ కొలబద్దతో చూస్తే క్రైస్తవుల చరిత్రలో అణకువ నిలిచిన చోటులు మనకు స్పష్టముగా కనిపిస్తాయి. వంతులవారీగా గిన్నెలు తోమిన మఠములో, చిన్నవాని సలహా విన్న సభలో, ఆయుధము లేకుండా శత్రుశిబిరానికి నడిచిన రాహిబు అడుగులలో అది నిలిచినది. బిరుదుగా మారిన చోట, తన వ్యక్తిగత పాపాలను లెక్కించుకుంటూ తన సమూహపు గర్వాన్ని లెక్కించని చోట అది ఓడిపోయినది. మనలో కూడా ఒక్కొక్కరుగా ఎంతో నమ్రులైనవారు, ఇతర మతాలవారిని గురించి, ఇతర మస్లక్‌లను గురించి మాట్లాడే వేళ ఎంత ఎత్తున కూర్చుంటారో మనకు తెలియనిది కాదు. క్రైస్తవుల వినయము బలహీనత అని వేదికపై చప్పట్ల మధ్య చెప్పేవారు, అల్ మాయిదా సూరాలోని ఆ ఆయత్ ఏ గుణాన్ని మెచ్చుకొన్నదో దిగివచ్చిన తర్వాతనైనా ఒకసారి చదువుకొనవలెను.

ఇంతకు 'తవాజు' అనే మాటకు నేను తెలుగులో ఏమి వ్రాశానని పాఠకులు అడుగవచ్చు. ఆ అరబ్బీ మాటకు మూలార్థము క్రింద పెట్టటము. వాడుకలో వినయమనే వ్రాస్తున్నాను. కాని వ్రాసిన ప్రతిసారీ, తన్ను తాను క్రింద పెట్టుకొనటమని మనస్సులో చదువుకుంటున్నాను. ఎదుటివానిని క్రింద పెట్టి మనము వినయముగా ఉండటము ఏ భాషలోనూ సాధ్యము కాదు.